చెరువు పక్క చిన్న వన్యప్రాణి స్థలం: వచ్చేవాళ్ల అపోహలు, అక్కడి వాస్తవాలు

పన్నెండేళ్లుగా ఒక చెరువు గట్టు మీద పని చేస్తున్నాను. పని అంటే పొద్దున్నే గేటు తీయడం, కాలిబాటకి అడ్డం పడ్డ కొమ్మలు తప్పించడం, పక్షుల లెక్క రాసుకోవడం, వచ్చినవాళ్లకి బైనాక్యులర్స్ ఎలా పట్టుకోవాలో చూపించడం. మిగతా రోజంతా ప్రశ్నలే. స్థలం చిన్నది. తీరిగ్గా నడిచినా ముప్పావు గంటలో చుట్టేసి వచ్చేయొచ్చు.

ఆ ప్రశ్నలు విని విని నాకు ఒకటి తెలిసొచ్చింది. చెరువు దగ్గర జనం చూసి కంగారు పడేవాటిలో చాలావరకు కంగారు అక్కర్లేనివి. "అబ్బ, ఎంత బాగుందో" అని ఫోటోలు తీసుకునేవాటిలో కొన్ని చెరువుకి పట్టిన జబ్బులు. కింద రాసినవన్నీ నేను వారం వారం వినేవే. రోజూ వినేవాటి గురించి ఎక్కువ రాశాను, అప్పుడప్పుడు వినేవాటి గురించి తక్కువ.

"ఇంత చిన్న చోట చూడ్డానికి ఏముంటుంది?"

గేటు దగ్గర మొదట వినపడే మాట ఇదే. పులులూ ఏనుగులూ లేకపోతే వన్యప్రాణి స్థలం ఎలా అవుతుందని కొందరు నిలదీస్తారు కూడా.

దక్షిణ ఇంగ్లండ్‌లో వ్యవసాయ భూముల మధ్య ఉన్న నదులు, వాగులు, కాలువలు, చెరువులు పక్కపక్కన పెట్టి చూసిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. నీటి మొక్కలు, నీటి పురుగుల్లాంటి చిన్న ప్రాణుల లెక్క తీస్తే, ఆ ప్రాంతం మొత్తం మీద ఎక్కువ జాతులు ఉన్నది చెరువుల్లోనే. అరుదైన జాతులూ అక్కడే ఎక్కువ. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. నది ఒక చివర నుంచి ఇంకో చివర దాకా దాదాపు అవే నీళ్లు మోస్తుంది. చెరువు అలా కాదు, దేని లోతు దానిది, దేని మట్టి దానిది, దేని నీడ దానిది. పక్కపక్కనే ఉన్న రెండు చెరువుల్లో వేర్వేరు జనాభా ఉండటం మామూలే.

1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన చిత్తడి నేలల ఒప్పందం కూడా తన నిర్వచనంలో ఇంత విస్తీర్ణం ఉంటేనే చిత్తడి నేల అనలేదు. సహజమైనదైనా, మనిషి తవ్వినదైనా, ఏడాదంతా నీళ్లున్నా, కొన్ని నెలలే ఉన్నా లెక్కలోకి వస్తుంది.

ఆ "కొన్ని నెలలే" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎండిపోయిన చెరువుని చచ్చిపోయిన చెరువు అనుకుంటారు. నిజానికి ఏటా ఎండే గుంటల్లో చేపలు నిలవవు. చేపలు లేవు కాబట్టి కప్పగుడ్లూ తోకకప్పలూ బతికి బట్టకడతాయి. ఫెయిరీ ష్రింప్ అనే చిన్న రొయ్యలాంటి జీవి గుడ్లు ఆ ఎండిన మట్టిలోనే ఏళ్ల తరబడి ఉండి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే ఎండిన గుంటలో వాహనం తిప్పకండి అంటే మా మీద విసుక్కోవద్దు.

"పాపం, ఆ పక్షికి దెబ్బ తగిలింది. ఎవరికైనా ఫోన్ చెయ్యండి"

దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. మాకు అందే ఫిర్యాదుల్లో సగం ఇవే అయ్యుంటాయి. వీటిలో అసలు దెబ్బ తగిలినవి చాలా తక్కువ.

మొదటిది నీటికాకి. రాయి మీదో, ఎండుకొమ్మ మీదో రెండు రెక్కలూ బార్లా చాపి కదలకుండా నిలబడి ఉంటుంది. రెక్కలు విరిగాయనో, వలలో చిక్కుకుందనో అనుకుంటారు. అది రెక్కలు ఆరబెట్టుకుంటోంది, అంతే. బాతు ఈక మీద నీళ్లు జారిపోతాయి. నీటికాకి ఈకల పైఅంచులు మాత్రం నీళ్లు పీల్చుకుంటాయి. దాంతో ఒంట్లో తేలే గుణం తగ్గి, చేప వెంట లోతుకి మునగడం సులువవుతుంది. ఆ సౌకర్యానికి చెల్లించే వెల ఈ ఆరబెట్టుకోవడం. ఆ సమయంలో దగ్గరికి వెళ్తే తడి రెక్కలతోనే బరువుగా ఎగిరిపోవాల్సి వస్తుంది. ఆరబెట్టుకోవడం మళ్లీ మొదటి నుంచీ.

రెండోది ఒంటికాలి కొంగ. రెండో కాలు తెగిపోయిందేమో అంటారు. కొంగ కాలికి ఈకలు ఉండవు, ఒంటి వేడి అక్కడి నుంచి పోతుంటుంది. ఒక కాలు పొట్ట ఈకల్లోకి లాక్కుంటే ఆ మేరకు వేడి ఆదా. ఓపిక ఉంటే చూస్తూ ఉండండి, కాలు మార్చుకుంటుంది.

మూడోది ఎగరలేని బాతు. సంతానం పెంచడం అయ్యాక చాలా బాతులు ఎగిరే ఈకలన్నీ ఒక్కసారే రాల్చేస్తాయి. కొత్తవి వచ్చేదాకా మూడు నాలుగు వారాలు ఎగరలేవు. మగబాతు మెరుపు రంగులు కూడా పోయి ఆడబాతులా వెలిసిపోయి కనిపిస్తుంది. ఆ రోజుల్లో జమ్ములో దాక్కోవడమే వాటి పని. జబ్బు చేసిందని పడవ వేసుకుని వెంటపడితే, తప్పించుకోవడానికి ఈదడం తప్ప ఇంకో దారి లేని పక్షిని తరుముతున్నట్టే.

నాలుగోది నాకు బాగా ఇష్టమైనది. బాట పక్కనే ఒక చిన్న పిట్ట, రెక్క ఈడ్చుకుంటూ, మూలుగుతున్నట్టు అరుస్తూ, మన ముందు పొర్లుతుంది. పట్టుకుందామని రెండడుగులు వేస్తే ఇంకో నాలుగడుగులు ముందుకి జరుగుతుంది. అలా యాభై అడుగులు తీసుకెళ్లి, ఏమీ జరగనట్టు టపటపా ఎగిరిపోతుంది. నేల మీదే గుడ్లు పెట్టే ప్లోవర్ లాంటి పక్షుల నాటకం ఇది. గూటి దగ్గరికి వచ్చిన శత్రువుని తన వైపు తిప్పుకుని దూరంగా నడిపించడం. ఇలా కనపడితే కాపాడాల్సింది ఆ పిట్టని కాదు, మీ కాళ్ల దగ్గర రాళ్లలో రాళ్లలా కలిసిపోయి ఉన్న గుడ్లని. ఉన్నచోట ఆగి, కిందకి చూసుకుంటూ, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి. నాటకం అని తెలిసి కూడా ముందుకెళ్లి వీడియో తీసేవాళ్లున్నారు. అంతసేపూ గుడ్లు ఎండలో ఉడుకుతుంటాయి.

మరి నిజంగా దెబ్బ తగిలింది ఎలా ఉంటుంది? కాలికో ముక్కుకో గాలం దారం చుట్టుకుని ఉంటుంది. రెక్క ఒకటే వేలాడుతుంది. తల నిలబెట్టలేకపోతుంది. మనిషి దగ్గరికొచ్చినా కదిలే ప్రయత్నం చెయ్యదు. ఇవి చూస్తే చేతులు పెట్టకుండా, దూరం నుంచి ఫోటో తీసి, కచ్చితంగా ఎక్కడో గుర్తుపెట్టుకుని సిబ్బందికి చెప్పండి. నైలాన్ దారాన్ని లాగి తెంపబోయారంటే గాయం ఇంకా లోతవుతుంది.

"పిల్లని ముట్టుకుంటే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదు"

ఇది సగం అబద్ధం. మనిషి వాసన తగిలిందని పిల్లల్ని వదిలేసే పక్షులు ఉండవు. పక్షులకి అసలు వాసనే తెలియదనేది ఇంకో అపోహ. కివీలూ, కొన్ని రాబందులూ వాసన పట్టే తిండి వెతుక్కుంటాయి. అయినా పెంచుకున్న పిల్లని వాసన కారణంగా తల్లి విడిచిపెట్టదు.

ఇది విని "అయితే ముట్టుకోవచ్చన్నమాట" అనుకునేవాళ్ల కోసం రెండో సగం. గూడు కట్టుకునేటప్పుడూ, గుడ్లు పెట్టిన కొత్తలోనూ మనం పదే పదే వెళ్తే ఆ అలజడికి గూడు వదిలేసే పక్షులున్నాయి. పైగా మనం ఎక్కడ వంగి చూశామో కాకి చూస్తూ ఉంటుంది. మనం వెళ్లగానే అది వస్తుంది.

నేల మీద కనపడే పిల్లలు రెండు రకాలు. ఒంటి మీద ఈకలు వచ్చి, తోక పొట్టిగా ఉండి, గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. కొన్ని రోజులు నేల మీదే ఉంటుంది, తల్లిదండ్రులు వచ్చి తినిపించి వెళ్తుంటాయి. మీరు పక్కన నిలబడి ఉన్నంతసేపూ అవి రావు. "రెండు గంటలు చూశాం, తల్లి రాలేదు" అని ఒకసారి ఒకాయన అన్నారు. ఆ రెండు గంటలూ ఎక్కడ నిలబడ్డారని అడిగితే, పిల్లకి మూడడుగుల దూరంలో. ఇక రెండో రకం, ఒంటి మీద ఈకలే లేని పసిగుడ్డు. గూడు కనిపిస్తే, చేతికి అందితే, మెల్లగా తిరిగి పెట్టేయొచ్చు. అందకపోతే సిబ్బందిని పిలవండి.

బాతుపిల్లల సంగతి పూర్తిగా వేరు. అవి పొదిగిన ఒకటి రెండు రోజుల్లోనే తల్లి వెంట నీళ్లలోకి దిగుతాయి. గూడు నీటికి దూరంగా ఉంటే అంత దూరమూ వరసగా నడిచి వస్తాయి. దారిలో కనపడితే వాటిని డబ్బాలో వేసి మోసుకెళ్లకండి, అవి దాటేదాకా ఆగండి చాలు.

"రొట్టెముక్క వేస్తే తప్పేంటి? ఎంత ఇష్టంగా తింటున్నాయో!"

ఇష్టంగానే తింటాయి. కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఎదిగే బాతుపిల్లకి కావాల్సింది మాంసకృత్తులు. నీటి పురుగులూ నత్తలూ వెతుక్కుని తినాల్సిన వయసులో రొట్టెతో కడుపు నింపుకుంటే అవి అందవు. అయితే నా అసలు బాధ పక్షి కడుపు గురించి కాదు, చెరువు కడుపు గురించి.

తినగా మిగిలిన ముక్కలు అడుక్కి దిగి కుళ్లుతాయి. కుళ్లడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది. అందులోని పోషకాలు నాచుకి ఎరువవుతాయి. తిండి దొరికే మూలకి మామూలుగా విడివిడిగా ఉండే పక్షులన్నీ గుంపుగా చేరతాయి, రెట్ట పెరుగుతుంది, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది. వేసవిలో కుళ్లు ఎక్కువై ఆక్సిజన్ లేని బురదలో బొటులిజం అనే కండరాలు చచ్చుబడే జబ్బు కలిగించే బ్యాక్టీరియా పెరిగితే బాతులకి మెడ వాలిపోయి నీళ్లలోనే మునిగి చనిపోతాయి. ఒకసారి మొదలైందంటే చచ్చిన పక్షి మీద పెరిగే పురుగుల్ని తిని ఇంకో పక్షి చస్తుంది.

"అయితే గింజలు వెయ్యొచ్చా?" అని వెంటనే అడుగుతారు. పెద్ద సరస్సులో నాలుగు గింజలు లెక్కలోకి రావు. చిన్న చెరువులో వద్దు. మనిషిని చూడగానే బాతు ఈదుకుంటూ వస్తోందంటే స్నేహం అనుకుంటారు. నాకు మాత్రం అది భయం మరిచిపోయిన పక్షి. గేటు లోపలికి వచ్చే కుక్కకీ అది అలాగే ఎదురెళ్తుంది.

"గట్టు శుభ్రం చెయ్యరేంటి? అంతా పిచ్చిమొక్కలే"

చేశాను. నా మొదటి ఏడాది అదే చేశాను. సందర్శకులు అంటున్నారు కదా అని ఒక వైపు గట్టు పొడవునా జమ్ము, తుంగ మొత్తం కోసి, నీటి అంచు దాకా చదును చేసి, గడ్డి కత్తిరించి, ఫోటో కూడా తీసుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మరుసటి సీజన్‌లో ఆ వైపు ఒక్క నీటికోడి గూడు లేదు. అవి నీళ్లలో నిలబడ్డ జమ్ము కాడలు వంచి, అల్లి, వాటి మధ్య గూడు పెట్టుకుంటాయి. నేను కోసిపారేసింది వాటి ఇంటి సామాను. తూనీగలు కూడా తగ్గాయి. నీళ్లలో పెరిగిన తూనీగ పిల్లపురుగు బయటికి రావాలంటే కాడ పట్టుకుని పైకి ఎక్కాలి, అప్పుడే వీపు చీల్చుకుని రెక్కల తూనీగ వస్తుంది. ఎక్కడానికి కాడలు ఉంచనిది నేనే. జమ్ము మళ్లీ పెరగడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఏటా ఒక చిన్న ముక్క మాత్రమే, గూళ్ల కాలం కాని సమయంలో కోస్తాం. వదిలేస్తే చెరువంతా కమ్మేస్తుంది కాబట్టి కొయ్యక తప్పదు.

ఎండు చెట్టు గురించీ ఇదే గొడవ. బాట మీద పడే ప్రమాదం లేనంతవరకు దాన్ని అలాగే ఉంచుతాం. తొర్రల్లో గూడు పెట్టే పక్షులకి మెత్తబడ్డ మాను కావాలి. నీళ్లలోకి ఒరిగిన మొద్దు మీద తాబేళ్లు ఎండ కాచుకుంటాయి. లకుముకి పిట్ట చేప కోసం మాటు వేసేది కూడా నీళ్ల మీదకి వాలిన ఎండుకొమ్మ మీదే.

ఇక అందరూ ముచ్చటపడేది, ఊదారంగు పూలతో నీటిని కప్పేసిన గుర్రపుడెక్క. దీన్ని తీసేస్తుంటే "అంత అందమైన పూలని పీకేస్తున్నారా" అని బాధపడతారు. దక్షిణ అమెరికా నుంచి అందం కోసమే ప్రపంచమంతా మోసుకెళ్లిన మొక్క ఇది. అనుకూలిస్తే సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కింద నీళ్లకి వెలుతురు అందదు, గాలి తగలదు. పైన పచ్చగా, పూలతో కళకళ్లాడుతూ ఉంటుంది. కింద చేప బతకదు. మీరు సాయం చేస్తామంటే మాకు చేతుల అవసరం ఎప్పుడూ ఉండేది ఈ పనికే.

"చేపలు చచ్చి తేలాయి, ఎవరో విషం కలిపారు"

కలపరని అనను. కానీ ముందు అడగాల్సిన ప్రశ్న, ఎప్పుడు తేలాయి అని. తెల్లవారుజామునా? అయితే ముందుగా అనుమానించాల్సింది ఆక్సిజన్‌ని.

వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ ఇముడుతుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 డిగ్రీల నీళ్లు ఏడున్నర దాకానే పట్టుకుంటాయి. పగలు నాచూ మొక్కలూ ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవే మొక్కలు చేపలతో పాటు దాన్ని పీల్చుకుంటాయి. కాబట్టి రోజు మొత్తంలో చెరువుకి ఊపిరి ఆడని సమయం సూర్యోదయానికి ముందు. నాచు విపరీతంగా పెరిగి, రెండు మూడు రోజులు మబ్బు పట్టి, గాలి కూడా ఆగితే ఆ తెల్లవారు జామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పెద్ద చేపలు ముందు పోతాయి. విషమైతే చిన్నా పెద్దా, కప్పలూ నత్తలూ అన్నీ ఒక్కసారే, ఏ వేళకైనా పోతాయి. కచ్చితంగా తేల్చాలంటే నీటి పరీక్షే. ఏదైనా సరే, చూసిన టైము మాకు చెప్పండి. చాలామంది ఫోటో పంపిస్తారు, టైము చెప్పరు.

నీళ్ల రంగు గురించి కూడా ఇక్కడే. స్వచ్ఛంగా, అడుగు కనపడేలా ఉన్న నీళ్లే ఆరోగ్యం అనుకోవడం సరికాదు. టీ రంగు నీళ్లు ఆకులు నానిన నీళ్లు, అంతే. బురద తొక్కితే కుళ్లిన గుడ్డు వాసన రావడం కూడా మామూలే, అది గాలి ఆడని మట్టిలో పుట్టే వాయువు. ప్రతిసారీ మురుగు కలిసిందని కాదు. కానీ ఒకటి మాత్రం చూసిన వెంటనే వెనక్కి తగ్గాలి. ఆకుపచ్చ పెయింటు ఒలకబోసినట్టు నీటి మీద తెట్టు కట్టి ఉంటే అది సయనోబ్యాక్టీరియా కావచ్చు. నీలి ఆకుపచ్చ నాచు అంటాం గానీ అది అసలు నాచు కాదు. అందులో విషం ఉందో లేదో కంటితో తేల్చలేం. మరగబెట్టినా ఆ విషం పోదు. కుక్కలు ఆ నీళ్లలో దిగి, ఒళ్లు నాక్కుని చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

"చెరువు ఉంటే దోమలుంటాయి. గంబూసియా చేపలు వదిలెయ్యండి"

దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వెచ్చని వాతావరణంలో వారం పది రోజులు చాలు. అన్ని రోజులు దాన్ని ఎవరూ తినకుండా ఉండాలి, అదే చెరువులో కష్టం. చిన్న చేపలు, నీటి పురుగులు, అన్నిటికీ మించి తూనీగ పిల్లపురుగులు ఉంటాయి. వాటి కింది పెదవి మడిచి పెట్టిన చెయ్యిలా ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే చటుక్కున ముందుకి చాచి పట్టేస్తుంది. కొన్ని తూనీగ జాతులు నెలల పాటు, కొన్ని ఏళ్ల పాటు ఇలా నీటి అడుగునే ఉంటాయి. మనం చూసే రెక్కల తూనీగ బతికేది కొన్ని వారాలే. అన్నట్టు తూనీగకి కొండి లేదు, కుట్టదు.

డెంగీ మోసే ఈడిస్ దోమకి చెరువు నచ్చదు. దానికి కావాల్సింది శత్రువులు లేని కాసిని నీళ్లు. పాత టైరు, పూలకుండీ కింది పళ్లెం, మూత లేని డ్రమ్ము. చెరువు గట్టున కూడా నేను వెతికేది తాగి పారేసిన కప్పుల కోసమే. చెరువులో దోమ అస్సలు పుట్టదని మాత్రం చెప్పను. మొక్కలు దట్టంగా పెరిగి చేప వెళ్లలేని గట్టు అంచుల్లో కొన్ని పుడతాయి.

గంబూసియా మాట. ఉత్తర అమెరికా నుంచి ఇరవయ్యో శతాబ్దంలో దోమల పేరు మీద ప్రపంచమంతా వదిలిన చేప. అది దోమ పిల్లల్నే కాదు, కప్పల పిల్లల్నీ చిన్న చేపల్నీ కూడా వదలదు. ప్రపంచంలో అత్యంత హాని చేసే వంద ఆక్రమణ జాతులంటూ ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) నిపుణులు వేసిన జాబితాలో ఉంది. అదే జాబితాలో గుర్రపుడెక్కా ఉంది, అక్వేరియం దుకాణాల్లో అమ్మే చెవి దగ్గర ఎర్ర చార ఉన్న తాబేలూ ఉంది. ఇంట్లో పెంచలేక ఆ తాబేల్ని రాత్రిపూట మా గట్టు మీద వదిలి వెళ్లినవాళ్ల మనసు మంచిదే, కాదనను. అది ఎండ కాచుకునే మొద్దు మీదకెక్కి స్థానిక తాబేళ్లని నెట్టేస్తుంది. దశాబ్దాల తరబడి బతుకుతుంది. పెంచలేకపోతే తీసుకునేవాళ్లని వెతకండి. మమ్మల్ని అడిగినా వెతికి పెడతాం.

"నీళ్లలో పాము! తల త్రికోణంగా ఉంది, విషప్పామే"

తల ఆకారం నమ్మదగ్గ గుర్తు కాదు. విషం లేని నీటి పాములు కూడా భయపడితే తల వెడల్పు చేసి త్రికోణంలా చూపిస్తాయి. విషం ఉందో లేదో మీరు తేల్చాల్సిన పనే లేదు. పాము సాధారణంగా తన పొడవులో సగానికి మించి దూరం కాటు వెయ్యలేదు. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి నిలబడితే అది తన దారిన పోతుంది. నీళ్లలో ఉన్న పాము కరవలేదని కూడా అనుకోవద్దు, నీళ్లలోనే చేపల్ని పట్టుకుంటుంది కదా. ఒకవేళ ఎవరినైనా కరిస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం ఏవీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి.

"మా కుక్క ఎవరినీ ఏమీ అనదు, గొలుసు కూడా ఉంది"

ఏమీ అనదని పక్షికి తెలియదు. సిడ్నీ శివారు అడవుల్లో గొలుసు కట్టిన కుక్కల్ని నడిపించి పక్షుల్ని లెక్కపెట్టిన అధ్యయనం 2007లో వచ్చింది. పక్షుల రకాలు 35 శాతం, సంఖ్య 41 శాతం తగ్గాయి. కుక్కలు లేకుండా మనుషులే నడిచినప్పుడు కలిగిన అలజడి అందులో సగం కూడా లేదు. కుక్కలు రోజూ తిరిగే చోట్ల కూడా ఫలితం అదే, అంటే పక్షులు అలవాటు పడలేదు.

ఇది చెప్తే కొందరికి కోపం వస్తుంది. కుక్కలంటే నాకూ ఇష్టమే, మా ఇంట్లో రెండున్నాయి. వాటిని ఇక్కడికి తీసుకురాను. ఇంకో సంగతి, మెడ వెనక చుక్కలుగా వేసే గోమారి మందు గురించి. ఇంగ్లండ్‌లో 20 నదుల నుంచి తీసిన నీటి నమూనాల్లో 99 శాతంలో ఫిప్రోనిల్ అనే పురుగుమందు దొరికింది, ఆ వివరాలు 2021లో వచ్చాయి. పొలాల్లో దాని వాడకం అక్కడ దాదాపు లేదు, అనుమానం పెంపుడు జంతువుల మందు మీదే. అంత పారే నీళ్లలోనే దొరికితే నిలవ ఉండే చిన్న చెరువులో కుక్క ఒక్క మునక వేస్తే ఎలా ఉంటుందో చూసుకోండి. ఆ మందు చంపేది పురుగుల్ని. తూనీగ పిల్లా పురుగే.

"కప్పని ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయి"

రావు. పులిపిర్లు మనుషుల వైరస్ వల్ల వస్తాయి. నష్టం రెండో వైపు ఉంది. కప్ప చర్మం గుండా ఊపిరీ నీళ్లూ లోపలికి వెళ్తాయి, మన చేతికి రాసుకున్న దోమల క్రీమూ వెళ్తుంది. గోదురుకప్ప మెడ వెనక గ్రంథుల్లో విషం ఉంటుంది కాబట్టి పట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, కళ్లు నులుముకోకూడదు. పట్టుకోకపోతే ఈ టెన్షన్ ఏదీ లేదు.

చేతుల కంటే మీ బూట్ల గురించి నాకు ఎక్కువ భయం. కప్పల చర్మాన్ని తినేసే కైట్రిడ్ అనే శిలీంధ్రం తడి బురదతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి చేరుతుంది. దీనివల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయనీ, 90 జాతులు అంతరించి ఉంటాయనీ 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. నిన్న ఇంకో చెరువుకి వెళ్లొచ్చిన బూట్లయితే బురద కడిగి పూర్తిగా ఎండబెట్టి రండి. ఆ శిలీంధ్రం ఎండకి తట్టుకోలేదు.

"తెల్లారేసరికి రాకపోతే ఏమీ కనపడదు"

పక్షులకి పొద్దున్న, సాయంత్రం మంచివే. కానీ తూనీగలకీ సీతాకోకచిలుకలకీ ఒళ్లు వేడెక్కాలి, అవి బాగా తిరిగేది ఎండెక్కాకే. తాబేళ్లూ అంతే. మధ్యాహ్నం వచ్చినవాళ్లు తలెత్తి చూడ్డం మానేసి నీటి అంచున చూడాలి, అంతే తేడా.

మాట్లాడకుండా ఉంటే చాలనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. మెల్లగా మాట్లాడుకుంటూ కూర్చున్న నలుగురి కంటే, నోరు మూసుకుని చెయ్యి చాచి చూపించే ఒక్కరికే పక్షి ఎక్కువ బెదురుతుంది. కదలికే అసలు సమస్య. మచ్చల మచ్చల అడవి చొక్కాలు కొనక్కర్లేదు, తెల్లచొక్కా మానితే చాలు. గట్టు పైఅంచున నిలబడితే ఆకాశం ముందు నల్లటి బొమ్మలా కనపడతారు, రెండడుగులు కిందకి దిగి కూర్చోండి, వీపు ఎండ వైపు ఉండేలా. పక్షి తినడం ఆపి మెడ పైకెత్తిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారు. ఎగిరేదాకా ఆగకండి. ఫోన్లో పక్షి కూత పెట్టి పిలవడం మాత్రం చెయ్యొద్దు. గూడు కాచుకునే పక్షి పొరుగు మగపక్షి వచ్చిందనుకుని తిండి మానేసి వెతుక్కుంటుంది.

ఎంతసేపు ఉండాలని అడుగుతారు. ఒక్కచోట ఇరవై నిమిషాలు, అని చెప్తాను. ఎక్కువమంది ఏడెనిమిది నిమిషాలకే లేచి "ఇక్కడ ఏమీ లేవండీ" అంటూ వచ్చేస్తారు. మొన్న అలా లేచి వచ్చిన ఒక కుటుంబంలో చిన్నపాప చెప్పులో రాయి పడిందని వెనకే ఉండిపోయింది. వీళ్లు గేటు దాకా వచ్చి పాపని పిలిచేసరికి ఆ పిల్ల వేలు నోటి మీద పెట్టుకుని ఉష్ అంది. తన కాళ్ల ముందు జమ్ములోంచి నీటికోడి ఒకటి, దాని వెనక నల్లటి ఉండల్లా అయిదు పిల్లలు, బయటికి వస్తున్నాయి.